ఆఁ మామ చూసొచ్చిన ఇల్లు

మగ్గాల షెడ్డులో ఆయన్ని అందరూ ఆఁ మామ అంటారు. ఎవరేం చెప్పినా ముందు "ఆఁ?" అంటాడు కాబట్టి ఆ పేరు. రెండోసారి చెప్తే నవ్వుతాడు. మూడోసారికి జవాబిస్తాడు. పేరు పెట్టిన వాళ్ళ చెవులు ఇంతకంటే బాగున్నాయని కాదు. కరెంటు మగ్గాల మధ్యకి మీసాలు రాకముందు వచ్చి, ఆ మీసాలు నెరిసేదాకా నిలబడ్డ ఎవరి సంగతైనా అంతే. ముందు సన్నటి చప్పుళ్ళు పోతాయి. పక్షుల కూతలు, చెంచా కింద పడ్డ చప్పుడు, గడియారం టిక్కుటిక్కు. ఆ తర్వాత పిల్లల మాటలు. చివరికి దడదడలూ దబదబలూ మాత్రం మిగుల్తాయి.

"పొట్టు పోయి గింజ మిగిలింది" అంటాడు మామ.

"గింజే పోయింది. నీకు మిగిలింది పొట్టు" అంటుంది అత్త.

అత్త కూడా అదే షెడ్డులో నూలు కండెలు చుట్టేది. ఇద్దరికీ పెదాల మీద మాట చదవడం వచ్చు. అక్కడ పనిచేసే వాళ్ళందరికీ వచ్చు, రాకపోతే పని జరగదు. ఈ చివర మగ్గం దగ్గర నిలబడి, ఆ చివర వాడితో పెదాలు ఆడిస్తూ, మధ్యలో చేతులు తిప్పుతూ, మేనేజరు వెనకాలే ఉన్నా సరే ఆయన్నే తిట్టుకోగలరు. నేను వాళ్ళింటికి వెళ్ళినప్పుడల్లా వెలుతురు ముఖమ్మీద పడే వైపు కుర్చీ వేస్తారు. "మీసాలు కాస్త కత్తిరించుకో నాయనా, మాట సగం వాటి వెనకాలే ఉండిపోతోంది" అంది అత్త ఒకసారి.

ఇల్లు వెతికిన ఈ సంగతంతా నాకు మామే చెప్పాడు. చెప్తున్నంతసేపూ అత్త ఆయన పెదాలు చూస్తూ కూర్చుంది. తప్పు చెప్పినప్పుడల్లా మోకాలి మీద తట్టి ఆపింది.

అప్పట్లో వాళ్ళ కాపురం షెడ్డు గోడని ఆనుకుని ఉన్న రెండు గదుల్లో. మగ్గాలు నడుస్తుంటే మంచం తనంతట తను జరిగి, వారానికోసారి గుమ్మం దాకా వచ్చేది. గిన్నె మీద మూత నిలిచేది కాదు. కొడుకు లారీ తోలతాడు, ఇంట్లో ఉండే రోజులు తక్కువ. కోడలు రొట్టెల బట్టీలో పనిచేస్తుంది. వాళ్ళ కూతురు పిట్ట. ఆ పిల్ల అసలు పేరు బళ్ళో తప్ప ఎక్కడా వాడరు. పిట్టంత మనిషి, పిట్టంత గొంతు. గుసగుసగా తప్ప మాట్లాడదు. అందరూ అరుచుకునే ఆ ఇంట్లో ఆ గొంతు ఎక్కణ్ణుంచి వచ్చిందో దేవుడికే తెలియాలి. మామకి దాని మాట ఒక్కటీ వినపడేది కాదు. పోనీ పెదాలు చూద్దామంటే అది ఒక్కచోట నిలిచే రకం కాదు. మాట్లాడుతూ మంచం కిందకి దూరుతుంది, తలుపు వెనక నుంచి మాట్లాడుతుంది. "నా మనవరాలు రోజంతా నాతో కబుర్లు చెప్తుంది. ఏం చెప్తుందో నాకు తెలీదు. నేను మాత్రం తల ఊపుతుంటాను" అనేవాడు.

ఒకరోజు బడి నుంచి టీచరు కబురు పంపింది. వెనకనుంచి పిలిస్తే పిల్ల పలకడం లేదని.

ఆసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టరమ్మ పిట్ట చెవులకి ఏవేవో తగిలించి చూసింది. ఒక చెవి కొంత దెబ్బతిందని, రెండోది ఇంకా బాగానే ఉందని చెప్పింది. "పోయింది తిరిగి రాదు. ఉన్నదాన్ని నిలబెట్టుకోవాలంటే ఈ పిల్లని ఆ చప్పుడు పక్కనుంచి తీసేయండి. మందులతో అయ్యే పని కాదు."

కోడలు ఏడ్చింది. మామ ఏడవలేదు. "ఆ మాట చెవుల్తో విని ఉంటే సగం పోయేది, సగమే బాధపడేవాణ్ణి" అన్నాడు నాతో. "ఆవిడ ముఖమ్మీద చదివాను కదా, మొత్తం తెలిసిపోయింది."

ఇల్లు వెతికే పని మామ మీద పడింది. పొద్దున పాళీ కాబట్టి మధ్యాహ్నానికి ఖాళీ అవుతాడు. ఇల్లు చూడటం ఆయనకి మగ్గానికి పడుగు పోగులు ఎక్కించడం లాంటిది. ఒక్క పోగు తప్పితే గుడ్డ చివరిదాకా ఆ తప్పు కనపడుతూనే ఉంటుంది. చొక్కా జేబులో బారెడు నూలు పోగు వేసుకుని బయల్దేరేవాడు. గోడకి పోగుని అదిమి పట్టి, తీసి వేళ్ళ మధ్య నలిపితే లోపల చెమ్మ ఉందో లేదో తెలిసేది. చివర బోల్టు కట్టి వేలాడదీస్తే గోడ ఎటు వాలిందో తెలిసేది. కిటికీకి కడితే గాలి ఎటు పోతోందో తెలిసేది.

అసలు సంగతి చప్పుడు కదా. దానికి ఆయన చెవుల మీద ఆధారపడలేదు, అంత తెలివితక్కువవాడు కాదు. షెడ్డువాళ్ళ పద్ధతి ఒకటుంది. చెప్పులు విప్పి నేలమీద నిలబడతారు, అరచేయి గోడకి ఆనిస్తారు. మగ్గం సరిగ్గా నడుస్తోందా, ఎక్కడైనా మొరాయిస్తోందా అన్నది వాళ్ళకి అరికాళ్ళు చెప్తాయి. మామ ఏ ఇంటికెళ్ళినా గోడకి చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, పూనకం వచ్చేవాడిలా నిలబడేవాడు.

"గోడలకి చెవులుంటాయంటారు. మనకి లేవు గదా, వాటినే అడుగుతున్నావా ఏంటయ్యా" అనేది అత్త.

రైలు పట్టాల పక్కనున్న ఇంట్లో అరికాళ్ళు ఝుమ్మన్నాయి, వద్దన్నాడు. పిండి మర మీద మేడ గది, మెట్లెక్కుతుండగానే వద్దన్నాడు. ఇంకొకటి అన్నీ బాగున్నాయి గానీ పోగు తడిసిపోయింది. ఊరంతా తిరిగి చెప్పులరిగాయి తప్ప ఇల్లు దొరకలేదు. షెడ్డులో జోకులు మొదలయ్యాయి. "మామ ఇల్లు చూడటం కాదు, ఇంటికి జ్వరం చూస్తున్నాడు" అని.

షెడ్డులో నూలు బేళ్ళు మోసే ఒకతను ఈ వీధి సంగతి చెప్పాడు. ఎన్నాళ్ళ నుంచో ఒక ఇల్లు ఖాళీగా ఉందని, ఎందుకో ఎవరూ నిలవడం లేదని. "ఎందుకో" అన్న మాట మామ ఆ రోజు చదవలేదు. అతను ఆ మాట అంటూ ముఖం తిప్పుకుని బేలు ఎత్తుకున్నాడు. ఆ సంగతి తర్వాత తేలింది.

వీధి అటు చివర మూసుకుపోయి ఉంటుంది. రెండు వైపులా వరసగా చిన్న చిన్న ఇళ్ళు, చివర ఎత్తుగా పొడుగాటి గోడ. బళ్ళు రావు, గుంపులు ఉండవు. శుభ్రంగా ఊడ్చి ఉంది. మామ సందు మొదట్లో కాసేపు నిలబడి చూశాడు. గుమ్మాల్లో కూర్చున్న వాళ్ళు కూర్చున్నారు, నడిచేవాళ్ళు నడుస్తున్నారు. ఎవరూ ఎవర్నీ వెనకనుంచి పిలవడం లేదు. పిలవాలంటే దగ్గరకొచ్చి భుజం తట్టి, ఎదురుగా నిలబడి మాట్లాడుతున్నారు. అచ్చం షెడ్డులోలా. మామకి ప్రాణం లేచొచ్చింది.

ఇంటావిడ పెద్ద వయసు మనిషి, ఒంటరిగా పక్క వాటాలో ఉంటుంది. తలుపు తీసి "రండి బాబూ, ఇల్లు చూడ్డానికేనా" అంది.

మొదటిసారే వినపడింది. ఆ మనిషి ముఖం ఇంకా నీడలోనే ఉంది, పెదాలు కనపడలేదు. అయినా ప్రతి అక్షరం వినపడింది.

ఇల్లు చూపించింది. కొత్తగా సున్నం వేసిన గోడలు. పోగు పొడిగా బయటికొచ్చింది, బోల్టు నిలువుగా వేలాడింది, నీళ్ళు బాగా వస్తున్నాయి. మామ చెప్పులు విప్పి నిలబడ్డాడు. నేల చల్లగా, నిద్రపోతున్న పిల్లాడి వీపులా నిశ్చలంగా ఉంది. గోడ కూడా అంతే. వెనక గది కిటికీకి మాత్రం చెక్కలు కొట్టేసి, సందుల్లో గుడ్డ పేలికలు దోపి ఉన్నాయి.

"ఇదేంటమ్మా?"

"ఇంతకు ముందున్న వాళ్ళు కొట్టుకున్నారు. ఆ పిల్లాడి తల్లికి అదో పిచ్చి. కావాలంటే పీకించేస్తాను."

"ఇక్కడ చప్పుడు ఎలా ఉంటుందమ్మా? నాకు చిన్న మనవరాలుంది. చప్పుడు పడదు."

ఇంటావిడ నవ్వింది. "చప్పుడా? ఈ వీధిలోనా? మాకసలు చీమ చిటుక్కుమన్నది కూడా తెలీదు బాబూ."

ఒక్కరి మాట నమ్మే మనిషి కాదు మామ. మర్నాడు వెళ్ళి టీ కొట్టతన్ని అడిగాడు. "పెద్దాయనా, ఇంత ప్రశాంతమైన వీధి ఎక్కడా దొరకదు" అన్నాడతను. గుమ్మంలో బియ్యం ఏరుకుంటున్న ఆవిణ్ణి అడిగాడు, సైకిలు తుడుచుకుంటున్న ఆయన్ని అడిగాడు. అందరూ ఒకటే మాట. అందరి గొంతులూ నిండుగా, స్పష్టంగా, గంటల్లా ఉన్నాయి. ఆ వీధిలో ఉన్నంతసేపూ మామ ఒక్కసారి కూడా ఆఁ అనలేదు.

"నీకు తెలీదు నాయనా" అన్నాడు నాతో, "లోకమంతా నిన్ను చూసి గొణుగుతుంటే, ఒక్క వీధి నీతో మాట్లాడితే ఎలా ఉంటుందో. నాకు ఆ జనం మీద ప్రేమ పుట్టింది."

చివరనున్న గోడ సంగతి కూడా వదల్లేదు. అటు చుట్టూ తిరిగి గేటు దగ్గరికి వెళ్ళాడు. లోపల పెద్ద రేకుల షెడ్డు, బయట గుట్టలుగా పచ్చి కలప. కర్రలు ఆరబెట్టే కార్ఖానా. కాపలా ఆయన్ని అడిగితే "ఏం లేదు పెద్దాయనా, గాలి ఊదే మిషన్లు. కర్రల మీదకి వేడిగాలి ఊదుతాయి. మగ్గాల్లాగా బాదవు" అన్నాడు. ఆయన గొంతు కూడా గంటలాగే ఉంది. మామ ప్రహరీ గోడకి అరచేయి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. అదరలేదు, కదల్లేదు. సంతోషంగా తిరిగొచ్చాడు.

ఆయనకి తెలిసిన చప్పుడు అదొక్కటే. బాదే చప్పుడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన వెతికిందీ దాన్నే, భయపడిందీ దానికే.

ఆ వీధిలో ఒక్క మనిషి మాత్రం వేరేగా ఉన్నాడు. సందు మొదట్లో కొత్తగా క్షౌరం దుకాణం పెట్టినతను. మామ అతని దగ్గర కూడా కూపీ లాగుదామని జుట్టు కత్తిరించుకోవడానికి కూర్చున్నాడు. అతని రెండు చెవుల్లోనూ దూది ఉంది. అద్దంలో అతని పెదాలు చూస్తూ అడిగాడు.

"చెవి పోటా?"

అతను కత్తెర ఆపి, ఆ కత్తెరతోనే చివరి గోడ వైపు చూపించాడు. మామ చెవి వెనక జుట్టు పక్కకి తీసి, అందులో చిక్కుకున్న నూలు నలుసులు చూశాడు. "షెడ్డులో పని కదూ? అయితే మీకు ఇబ్బంది ఉండదులెండి" అన్నాడు.

మామ దాన్ని మంచి మాటగానే తీసుకున్నాడు. పనివాడి కష్టం పనివాడికి తెలుస్తుంది, వీడు మనవాడే అనుకున్నాడు. ఇంటికొచ్చి అత్తకి చెప్తే ఆవిడ కండె చుట్టడం ఆపింది.

"నీ ఒక్కడికే అన్నాడా? ఇంట్లో అందరికీ అన్నాడా?"

"నాకే అన్నాడు."

"మరి నీకే ఎందుకు ఇబ్బంది ఉండదు? ఎవరికుంటుంది?"

"నీకు ప్రతిదాంట్లో పురుగు కనపడుతుందే."

"ఉంటే కనపడదూ మరి" అంది అత్త. మర్నాడు తనూ వస్తానంది.

ఆవిడ ఇంటి లోపలికి వెళ్ళలేదు. గోడలు నువ్వు చూశావుగా అని, గుమ్మంలో కూర్చుని వీధిని చూసింది. ఎదురింటి పిట్టగోడ మీద ఎవరో గింజలు చల్లి ఉన్నారు. ఎండకి రంగు మారేంత కాలంగా ఉన్నాయవి. ఒక్క పక్షి కూడా వాటి జోలికి రాలేదు. ఒక కుక్క సందు మొదటిదాకా వచ్చి, చెవులు వెనక్కి వాల్చి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది. అటు పక్క ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి మాట్లాడుకుంటున్నారు. వీధికి అడ్డంగా ఉన్న అంత దూరం అత్తకి లెక్కలోది కాదు. షెడ్డు అంతకంటే పొడుగు.

"చిన్నపిల్లని తెస్తారంట" అంది ఒకావిడ.

"ముందు వాళ్ళ పిల్లాడిలాగా కాకుండా ఉంటే చాలు. ఎంత మొండి. పిలిస్తే పలికేవాడు కాదు" అంది రెండో ఆవిడ.

"వచ్చినప్పుడు బానే ఉండేవాడే."

"ఏమో. పోను పోను అట్లా అయ్యాడు."

అత్తకి ఆ మాటలు నచ్చలేదు. ఎందుకో తనకే తెలియలేదు. దారిలో మామకి చెప్పింది. మామ విసుక్కున్నాడు. ఎవరి పిల్లాడో మొండివాడైతే ఇంటిదా తప్పు అన్నాడు. "అక్కడ ఏదో ఉందయ్యా" అంది. "ఉంటే ఊరంతా అబద్ధం చెప్తుందా? ఇంతమందిని అడిగాను. ఒక్కరైనా ఉందనాలిగా."

అదీ నిజమే. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఆ మాట ఇప్పటికీ ఇద్దరూ ఒప్పుకుంటారు.

సరే, ఇంట్లో మంచి చెవులున్నది కోడలికి. ఆమెని తీసుకెళ్ళి చూపిద్దాం అంది అత్త. కోడలికి బట్టీ సెలవు, షెడ్డుకి సెలవు, అందరికీ సెలవుండే రోజు వెళ్ళారు. కోడలు గది గదిలో నిలబడి విన్నది. చెక్కలు కొట్టిన కిటికీకి చెవి పెట్టి విన్నది. "మామయ్యా, ఇక్కడ నా గుండె కొట్టుకోవడం నాకు వినపడుతోంది" అని, నవ్వబోయి ఏడ్చేసింది. తన పెళ్ళయ్యాక అంత నిశ్శబ్దం ఆమె వినలేదు మరి. ఇంటావిడ తాళం చెవి చేతిలో పెట్టింది.

సెలవు రోజున కార్ఖానాకి కూడా సెలవే ఉంటుందని వాళ్ళలో ఎవరికీ తట్టలేదు. పనివాళ్ళు ఇల్లు చూసేది సెలవు రోజునే. ఊరు ఊరుకునేదీ ఆ రోజే.

పాత గదులు షెడ్డు యజమానికి తిరిగి అప్పజెప్తామని చెప్పేశారు. వాటిలోకి రావడానికి ఇంకో కుటుంబం అప్పుడే మూటలు కట్టుకుంటోంది. సామాను తరలించే ముందు ఇల్లు కడుగుదామని మామ, అత్త, పిట్ట మధ్యాహ్నం బయల్దేరారు. కోడలు బట్టీలో ఉంది. మామూలు పని రోజు.

సందు మొదట్లో పిట్ట ఆగిపోయింది. మామ చెయ్యి గట్టిగా పట్టుకుంది. క్షౌరం దుకాణం అతను గుమ్మంలో నిలబడి, పిల్లని చూసి, లోపలికి వెళ్ళిపోయాడు. కొత్త చోటు, బెదిరింది అనుకుని మామ ఎత్తుకుని తీసుకెళ్ళాడు.

అత్త ముందు గది నేల కడుగుతోంది. మామ వెనక గదిలో కిటికీ చెక్కలకి వేసిన మేకులు పీకుతున్నాడు. వీపు గుమ్మం వైపు. అప్పుడు ఎవరో పిలిచారు.

"తాతా."

తిరిగి చూస్తే పిట్ట. గుమ్మంలో నిలబడి ఉంది. మామకి ఏమీ అర్థం కాలేదు. వెనకనుంచి, ముఖం చూడకుండా, మనవరాలి మాట విన్నాడు.

"మళ్ళీ అను" అన్నాడు.

"తాతా, నా బొమ్మలు ఏ గదిలో పెట్టుకోవాలి?"

అంతా వినపడింది. "బొమ్మలు" వినపడింది, "గది" వినపడింది. గొంతు వాళ్ళమ్మ గొంతులా ఉంది, కొంచెం ముక్కుతో మాట్లాడుతోంది. ఆ సంగతి ఆయనకి అంతవరకూ తెలీదు. సుత్తి కింద పెట్టి అక్కడే కూలబడ్డాడు. ఇంకా చెప్పమన్నాడు. పిట్ట చెప్పింది. బళ్ళో పక్కన కూర్చునే పిల్ల గురించి, టీచరు గురించి, మంచం కింద తను దాచిన గాజు గోళీ గురించి. ప్రతి మాటా మామ చెవుల్లో పడుతోంది. ఆయన తల ఊపడం మానేసి, జవాబులు చెప్తున్నాడు. ఈ ఇల్లు నాకు మనవరాల్ని ఇచ్చిందే అని అత్తని కేకేశాడు.

అత్త తడి చేతుల్తో వచ్చింది. ఆవిడ విన్నది తక్కువ, చూసింది ఎక్కువ. పిట్ట మెడ మీద నరం ఉబ్బి ఉంది. ముఖం ఎర్రబడింది. నోరు ఎప్పుడూ తెరవనంత తెరిచి మాట్లాడుతోంది. రెండు చేతులూ చెవుల మీద ఉన్నాయి.

"ఏమయ్యా" అంది అత్త. "పిల్ల ఎందుకు అరుస్తోంది?"

మామ నవ్వు అలాగే ఉండిపోయింది.

"పిట్టా, ఎందుకమ్మా అరుస్తున్నావు?"

"ఈల వస్తోందిగా" అంది పిట్ట.

"ఏ ఈల?"

"అదే. ఎవరో ఈల వేస్తున్నారు. మనం వచ్చినప్పట్నుంచీ ఆపట్లేదు." చెవి మీద చెయ్యి తీసి కిటికీ వైపు చూపించి, వెంటనే మళ్ళీ మూసుకుంది. మామ అప్పుడే రెండు చెక్కలు పీకేశాడు. వాటి సందులోంచి ఎత్తు గోడ, గోడ పైన రేకుల షెడ్డు గొట్టాలు కనపడుతున్నాయి.

మామ ఊపిరి బిగబట్టి విన్నాడు. ఏమీ లేదు. అరచేయి గోడకి పెట్టాడు. ఏమీ లేదు. అత్త విన్నది. ఏమీ లేదు. మామ కేకకి ఇంటావిడ వచ్చింది. మామ ఆవిణ్ణి అడిగాడు, "అమ్మా, మీకు ఈల వినపడుతోందా?"

"ఏ ఈల?" అంది ఇంటావిడ. ఆవిడ కూడా తల వంచి, కళ్ళు చిన్నవి చేసి, నిజంగా విన్నది. "ఏం లేదే" అంది మెల్లగా. ఈసారి ఆవిడ ముఖంలో ఏదో కదిలింది.

గదిలో ముగ్గురు పెద్దవాళ్ళు తలలు పక్కకి వాల్చి, ఏమీ వినపడక నిలబడి ఉన్నారు. మధ్యలో పిట్ట చెవులు మూసుకుని, ఒకరి తర్వాత ఒకరి ముఖం చూస్తోంది. "చెవిటివాడి ముందు శంఖం ఊదితే, ఎందుకు నాయనా దాన్ని కొరుకుతున్నావు అన్నాడట. ఆ సామెత చెప్పుకుని ఎన్నిసార్లు నవ్వామో" అంది అత్త నాతో. "ఆ రోజు శంఖం ఊదేది గోడ అవతల. ఇవతల మేమందరం ఆ చెవిటివాళ్ళం."

మామ పిట్టని ఎత్తుకుని, దాని మంచి చెవిని తన గుండెకి అదుముకుని, వీధి పొడుగునా నడిచి బయటికొచ్చాడు. సైకిలాయన పలకరించాడు. టీ కొట్టతను ఏమైందని అడిగాడు. అందరి మాటలూ గంటల్లా వినపడ్డాయి. ఎందుకు అంత గట్టిగా మాట్లాడతారో ఇప్పుడు తెలిసింది కాబట్టి, ఆయన ఎక్కడా ఆగకుండా నడిచాడు. సందు దాటాక పిట్ట చెవుల మీంచి చేతులు తీసింది. ఏదో అంది.

మామకి వినపడలేదు.

తాళం చెవి ఆ సాయంత్రమే ఇచ్చేశారు. ఇంటావిడ ఒక్కటే అడిగింది. "ఆ పిల్లాడు కూడా ఈల అనేవాడు బాబూ, వచ్చిన కొత్తల్లో. తర్వాత మానేశాడు. అలవాటైపోయిందనుకున్నాం. మానేశాడంటే తగ్గినట్టు కాదా?" మామ తాళం చెవి ఆవిడ అరచేతిలో పెట్టి వచ్చేశాడు.

ఇటు చూస్తే పాత గదుల్లోకి వచ్చేవాళ్ళు మూటలతో గుమ్మంలో ఉన్నారు. కోడలు పిట్టని బట్టీలో తోటి పనామె ఇంట్లో పడుకోబెట్టేది. ముసలివాళ్ళు షెడ్డులోనే నూలు బస్తాల పక్కన సామాను పెట్టుకుని తలదాచుకున్నారు. పెనం మీంచి పొయ్యిలో పడబోయి మళ్ళీ పెనం మీదకే వచ్చాం అంటుంది అత్త.

మామ మళ్ళీ ఇళ్ళు చూడటం మొదలుపెట్టాడు. ఈసారి జేబులో పోగు లేదు. పని రోజునే వెళ్ళేవాడు, పిట్టని వెంట తీసుకెళ్ళేవాడు. గది మధ్యలో దాన్ని నిలబెట్టి, తను గుమ్మం దగ్గర వీపు తిప్పి నిలబడి, "ఏదైనా మాట్లాడమ్మా" అనేవాడు. మాట వినపడితే ఆ ఇల్లు వద్దు. ఒకచోట కొంచెం వినపడింది, కోడలికి అక్కడేమీ తప్పు కనపడకపోయినా బయటికొచ్చేశాడు. పక్క సందులో రేకులు కోసే కొట్టు ఉన్నట్టు తర్వాత తెలిసింది.

ఈలోగా ఆ వీధిలో ఇంటికి ఎవరో దిగారని బేళ్ళు మోసేతను చెప్పాడు. మామ పనిగట్టుకుని వెళ్ళాడు. గుమ్మంలో పడుచు వయసు మనిషి, చంకలో బిడ్డ. మామ చెప్పినదంతా అతను ఓపిగ్గా విన్నాడు. "వచ్చిన రోజు నాకూ ఏదో ఉన్నట్టనిపించింది పెద్దాయనా" అన్నాడు. "ఇప్పుడు లేదు. పక్కవాళ్ళని కూడా అడిగాను. ఎవరికీ ఏమీ లేదంటున్నారు." గొంతు అప్పుడే కాస్త పెరిగింది. మామకి మూడొంతులు వినపడింది. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు గానీ, ఆ రోజు లోకువైంది చెప్పేవాడే. బిడ్డ మామనే చూస్తోంది. మామ చిటికె వేశాడు. బిడ్డ నవ్వింది. చిటికెకి నవ్విందో, ముఖం చూసి నవ్విందో తెలుసుకునే దారి ఆయన దగ్గర లేదు.

ఇప్పుడున్న ఇల్లు ఊరి చివర, షెడ్డుకి రెండు బస్సులు మారాలి. గోడలో చెమ్మ ఉంది, కిటికీ సరిగ్గా మూసుకోదు, పాత పోగు పరీక్షల్లో ఒక్కటీ నెగ్గే ఇల్లు కాదు. ఇరుగుపొరుగు గొణుగుతారు, మామ రోజంతా ఆఁ అంటూనే ఉంటాడు. పిట్ట రెండో చెవిని డాక్టరమ్మ మళ్ళీ చూడాలి. చూసేదాకా ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తరు. పిట్టని వెనకనుంచి పిలవడానికి మాత్రం అందరూ ఏదో ఒక వంక వెతుకుతారు.

ఈ ఇల్లు చూడ్డానికి వచ్చిన రోజు కూడా మామ గుమ్మం వైపు తిరిగి నిలబడి మాట్లాడమన్నాడు. చాలాసేపు నిలబడ్డాడు. ఏమీ లేదు. ఇంకా మొదలుపెట్టలేదేమోనని తిరిగి చూస్తే, పిట్ట చేతులు వెనక్కి కట్టుకుని, తన మామూలు గొంతుతో, గోడకి కథ చెప్తున్నట్టు ఏదో చెప్పుకుంటూ పోతోంది.

"ఆఁ?" అన్నాడు మామ.

పిట్ట మళ్ళీ చెప్పింది. పెదాలు చూసేలోపు తలుపు వెనక్కి దూరింది.

"ఇదే ఇల్లు" అన్నాడు.

ఆ రోజు అది ఏం చెప్పిందో ఆయనకి ఇప్పటికీ తెలీదు. నేను పిట్టనే అడిగాను. తాతకి చెప్పాను కదా అంది.